జీలుగుపుట్టు వాటా

కిల్లో బుధు నోరు విప్పడం లేదు.

అనంతగిరి పోలీస్ ఔట్‌పోస్టులో, గోడవారగా వేసిన బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కొండ మీద జీలుగుపుట్టు అనే గూడేనికి పెద్ద. నిన్న పోలీసులు తీసుకొచ్చిన దగ్గర్నుంచీ ఏం అడిగినా ఒకటే జవాబు.

"నాకు తెలీదమ్మా."

ఎదురుగా కూర్చున్న ఉమామహేశ్వరి నగర ఆరోగ్యశాఖలో విజిలెన్స్ ఇన్‌స్పెక్టరు. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులవి. నగరంలో ఆసుపత్రుల ముందు అంబులెన్సులు బారులు తీరి ఉంటే, శాఖకు పెద్ద అయిన డాక్టర్ రాజకుమారి ఒక నిర్ణయం తీసుకున్నారు. విరాళంగా వచ్చిన ఆక్సిజన్ మిషన్లలో నగరం వార్డులకు ఎంత వాటానో, కొండ మీది గూడేలకూ అంతే వాటా. మీటింగులో చాలామంది అడ్డు చెప్పారు. అక్కడ కరెంటు లేదు, డాక్టర్లు లేరు, మూలపడేస్తారు అన్నారు. "ఊపిరాడని మనిషిది ఏ ఊరైతే మనకేంటి?" అని ఆవిడ సంతకం పెట్టేశారు.

అలా పన్నెండు మిషన్లతో బయల్దేరిన వ్యాను అరకు చేరలేదు. జీలుగుపుట్టుకి దిగువన, ఘాట్ రోడ్డు మలుపులో, లోయలో పడి దొరికింది. మిషన్లు లేవు. డ్రైవర్ గోపి లేడు. శాఖలో పంపిణీ చూసే ప్రేమ్‌కుమార్ ఆ కేసు ఉమామహేశ్వరికి అప్పగించాడు.

"వ్యాను పడిన చప్పుడు మీ ఊరికి వినిపించి ఉంటుంది కదా?"

"తెలీదమ్మా."

"ఎవరైనా కిందికి దిగి చూశారా?"

"తెలీదమ్మా."

ఉమామహేశ్వరి కాసేపు అతన్నే చూసింది. అతను గోడకి ఆనుకోవడం లేదు. ఆనుకోబోయి, ముఖం చిట్లించి మళ్ళీ నిటారుగా కూర్చుంటున్నాడు.

"ఒకసారి చొక్కా తీస్తారా?"

గుమ్మంలో నిలబడ్డ సీఐ దుర్గాప్రసాద్ చటుక్కున లోపలికి వచ్చాడు. "మేడం, మేం ఇతని మీద చెయ్యి వెయ్యలేదు. కావాలంటే డాక్టర్‌ని పిలిపించండి."

"మీరు కొట్టారని నేననలేదు సీఐ గారూ."

బుధు చొక్కా తీశాడు. రెండు భుజాల మీదా చర్మం లేచిపోయి, చుట్టూ ఎర్రగా వాచి ఉంది. మెడ వెనక కూడా అదే గీత.

"ఇవి కావడి మోసిన భుజాలు. కుడి భుజం నొప్పెడితే ఎడమకి మార్చుకున్నారు. అదీ నొప్పెడితే మెడ మీద వేసుకున్నారు. ఇది కాఫీ పళ్ళు కోసే కాలం కాదు. ఇంత బరువు ఏం మోశారు?"

బుధు తల దించుకున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

అతను చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు. ఈసారి తెలీదనలేదు.

దుర్గాప్రసాద్ ఆమెను వరండాలోకి పిలిచాడు. "చూశారుగా. మోశాడు. ఇంకేం కావాలి? ఊరంతా కలిసి దోచుకున్నారు. ఈ సాయంత్రానికి కేసు రాసేస్తాను."

"అమ్ముకోవాలనుకున్నవాడు రోడ్డు మీదికి మోస్తాడు. రోడ్డు వదిలేసి కొండ మీదికి మోసేవాడు ఎందుకు మోస్తాడు?"

"కొండ మీదికి మోశాడని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బండి చూడాలి."

"బండి నేను చూశాను మేడం."

"నేను చూడలేదు."

"నగరం నుంచి కార్లో దిగి, ఒక్క పూటలో కేసు తేల్చేసి పోదామనుకుంటున్నారు. మా వాళ్ళలో సగం మంది పాజిటివ్. ముగ్గురితో స్టేషన్ నడుపుతున్నాను నేను."

"తెలుసు. అందుకే బుధుని కూడా తీసుకెళ్దాం. కాపలాకి ఇక్కడ ఒక మనిషిని వదలక్కర్లేదు."

*

వ్యాను రోడ్డుకి తాటిచెట్టు లోతున, ఒక బండరాయికి వెనకభాగం ఆనించి నిలబడిపోయింది. ముందు అద్దం పగిలింది. ఉమామహేశ్వరి తుప్పలు పట్టుకుని దిగి, ముందుగా పక్క తలుపులోంచి సామాను పెట్టే గదిలోకి దూరింది.

దుర్గాప్రసాద్ పైనుంచే చెప్పాడు. "డ్రైవర్ నిద్రమత్తులో లోయలోకి తోలేశాడు. ఊరివాళ్ళు దిగి సామాను ఎత్తుకుపోయారు. చూడ్డానికి ఇంకేముంది?"

"దిగి రండి, చూపిస్తాను."

అతను విసుగ్గా దిగాడు. ఆమె లోపలి రేకు మీద అరచెయ్యి వేసి రాసింది. "పన్నెండు మిషన్లు. ఒక్కోటీ పాతిక కేజీల దాకా ఉంటుంది. అవి లోపల ఉండగా బండి దొర్లితే ఈ రేకు లోపలినుంచి బయటికి ఉబ్బాలి. ఒక్క సొట్ట లేదు. ప్లాస్టిక్ ముక్క లేదు, చుట్టిన థర్మోకోల్ పొడి కూడా లేదు. బండి పడేటప్పటికే ఇది ఖాళీ."

దుర్గాప్రసాద్ తనూ రేకు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఇవి చూడండి." మిషన్లు కట్టిన తాళ్ళు ఒక మూల చక్కగా చుట్టచుట్టి ఉన్నాయి. "దొంగలు తాళ్ళు కోస్తారు. వీటిని ఎవరో ముడివిప్పి, మళ్ళీ పనికొస్తాయని చుట్టి పెట్టారు. బండి తనది అనుకునేవాడి పని. డ్రైవర్ దగ్గరుండి దింపించాడు."

ఆమె బయటికొచ్చి బండరాయికీ వ్యానుకీ మధ్య సందులో తల పెట్టింది. వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. తెల్లరంగు మీద అడ్డంగా ఎర్రటి చార.

"రాయికి కొట్టుకుంది" అన్నాడు దుర్గాప్రసాద్.

"రాయి నల్లగా ఉంది."

అతను వంగి చూశాడు. వేలితో గీకాడు. గోటికి ఎర్రరంగు అంటుకుంది.

"వెనకనుంచి పెద్ద బండేదో తోసింది" అంది ఉమామహేశ్వరి. "లారీ అయ్యుండాలి. ఖాళీ బండిని లోయలోకి తోశారు, డ్రైవర్ని లోపల పెట్టి."

"లోపల ఉన్నాడని ఎలా తెలుసు?"

డ్రైవర్ సీటు మీద రక్తం ఎండి నల్లబడింది. ఆ తలుపు విరగలేదు, జాగ్రత్తగా తెరిచి ఉంది. పక్కన రెండు వెదురు గెడల చివర్లు నరికి పారేసి ఉన్నాయి. అడవిలో దొరికే అడ్డతీగ నారతో పేనిన తాడు ముక్క ఒకటి గడ్డిలో కనిపించింది. అక్కణ్ణుంచి గడ్డి నలిగిన జాడ రోడ్డు దాటి నేరుగా కొండ మీదికి పోయింది.

"డోలీ కట్టారు. అతన్ని మోసుకుపోయారు. సీఐ గారూ, తోసినవాళ్ళు వేరు. మోసినవాళ్ళు వేరు."

దుర్గాప్రసాద్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. తనకే చెప్పుకుంటున్నట్టు, "ఆ సందులోకి నేను చూడలేదు" అన్నాడు. మరుక్షణమే ముఖం ముడుచుకుని, "అయినా మిషన్లు దాచడం నేరమే" అన్నాడు.

ఉమామహేశ్వరి రోడ్డు మీదికి వచ్చి, కాలిబాట మొదట్లో కూర్చున్న బుధు పక్కన తనూ కూర్చుంది.

"మిషన్లు తీసుకుపోవడానికి రాలేదు నేను. వాటి మీద మీ ఊళ్ళ పేర్లు రాసి పంపింది మా డాక్టరమ్మే. అవి మీవి. కానీ గోపిని చంపబోయినవాళ్ళు ఎవరో నాకు తెలియాలి."

బుధు ఆమె ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. "నిజంగా మావేనా?"

"మీవే. మీరు దారి చూపించక్కర్లేదు. మేం తప్పుదారి పడితే మాత్రం చెప్పండి."

దారి రెండుగా చీలే చోట ఆమె ఊరి వైపు తిరిగింది. వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. చూస్తే బుధు ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి లేచి, ఏమీ అనకుండా, రెండో దారిలో ముందుకు నడిచాడు.

*

అది దారి అనడానికి వీల్లేదు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఒకచోట వాగు మీద ఒంటి దుంగ. ఇంకోచోట రాతి మీద పాకుడు. ఉమామహేశ్వరి రెండు చేతులూ ఖాళీగా ఉండి కూడా మోకాళ్ళ మీద ఎక్కింది. ఈ దారినే, గాజుసామాను పట్టినట్టు పట్టి, పన్నెండు మిషన్లు ఎక్కించారా? ఆ తరవాత మళ్ళీ దిగి, గాయపడ్డ మనిషిని డోలీలో తెచ్చారా? ప్రతి మలుపులోనూ ఆగి కిందికి చూసేది. చూసిన ప్రతిసారీ నమ్మడం కష్టమయ్యేది.

గట్టెక్కాక దుర్గాప్రసాద్ ఫోన్ తీసి వెనకబడ్డాడు. ఆమె బుధు వెంట ముందుకు నడిచింది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. తేనెటీగల రొదలాంటి సన్నటి మోత, దాని అడుగున ఎక్కడో నీళ్ళ హోరు.

వాగులోంచి ఒక చిన్న కాలవ తవ్వి, గొట్టంలోకి మళ్ళించి, కింద ఇనపచక్రం మీద పడేలా చేశారు. కాఫీ పళ్ళ తొక్క తీయడానికి గూడెంవాళ్ళు కొన్నేళ్ళ కిందట పెట్టుకున్న, నీళ్ళతో కరెంటు పుట్టించే మిషను అది. దాన్నుంచి ఒక తీగ రాతిగోడల షెడ్డులోకి పోతోంది. కాలవ పొడుగునా ఆడవాళ్ళు, మగవాళ్ళు దూరం దూరంగా కూర్చుని, కొట్టుకొచ్చే ఆకుల్ని చేతులతో తీసి గట్టున పడేస్తున్నారు. ఒకళ్ళు లేస్తే ఇంకొకళ్ళు వచ్చి అదే చోట కూర్చుంటున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

"ఎందుకలా తీస్తున్నారు?" అనడిగింది ఉమామహేశ్వరి.

దగ్గరున్న ముసలావిడ సోములమ్మ తలెత్తకుండానే చెప్పింది. "ఆకు అడ్డం పడితే నీళ్ళు తగ్గుతాయమ్మా. నీళ్ళు తగ్గితే లోపల ఊపిరి తగ్గుద్ది."

షెడ్డు గుమ్మంలో రోగుల దగ్గర రక్షణకి వానకోటు తొడుక్కున్న ఒక అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పులు అక్కడ విడవండి. రెండో మాస్కు కట్టుకోండి. చేతులు కడుక్కుని రండి." అప్పుడే వచ్చిన దుర్గాప్రసాద్ యూనిఫాం చూసి కూడా చెయ్యి దించలేదు. "మీరు కూడా సార్."

"నువ్వెవరు?"

"మాధవి. నగరంలో నర్సింగ్ చదువుతున్నాను. హాస్టల్ మూసేస్తే వచ్చేశాను." ఆమె బుధు వైపు చూసి, మళ్ళీ పోలీసు వైపు తిరిగింది. "మా నాన్నని కొట్టారా?"

"లేదు" అన్నాడు బుధు. "అమ్మకెలా ఉంది?"

"నిన్నటికంటే నయం. బువ్వ అడిగింది."

బుధు గుమ్మం పక్కన కూర్చుని చెప్పులు విడిచాడు.

లోపల కాఫీ ఆరబోసే వెదురు తడకల్ని మంచాలు చేశారు. ప్రతి రెండు మంచాల మధ్యా ఒక మిషను, దాని గొట్టం ఒకరి ముక్కుకి. నీళ్ళసీసాల్లో బుడగలు లేస్తున్నాయి. జీలుగుపుట్టు వాళ్ళే కాదు, అవతలి కొండ మీది గూడేలవాళ్ళు కూడా ఉన్నారు. గుమ్మం బయట పెద్ద కుండలో చోడి అంబలి ఉడుకుతోంది.

"అన్ని మిషన్లకీ కరెంటు చాలదు" అంది మాధవి. "సగం నడుస్తాయి, సగం చల్లారతాయి. మార్చి మార్చి పెడుతున్నాం."

"ఎవరికి ముందు పెట్టాలని ఎలా తేలుస్తున్నారు?"

"వేలికి పెట్టే మీటరుంది కదా మేడం. ఎవరికి తక్కువుంటే వాళ్ళకి."

"మీ అమ్మకి?"

మాధవి ఒక మంచం చూపించింది. బుధు భార్య గంగ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆమె ముక్కుకి గొట్టం లేదు. పక్క మంచం మీదావిడకి ఉంది. మెడలో పసుపుతాడు, ముక్కుకి మైదానం వాళ్ళు పెట్టుకునే ముక్కుపుడక.

"ఆవిడ రత్నాలు. సంతలో ఎండుచేపలు అమ్ముద్ది. కిందూరు ఆవిడది. జొరంతో సంతలోనే పడిపోతే మోసుకొచ్చారు. మొన్న ఆవిడకి మరీ తగ్గిపోయింది. అమ్మ దగ్గరున్నది ఆవిడకి మార్చాం."

"ఎవరు మార్చమన్నారు?"

"అమ్మే."

ఉమామహేశ్వరి ఆ మంచాల మధ్య నిలబడిపోయింది. సమాన వాటా అన్న మాటని మీటింగుల్లో వినీ వినీ ఆమెకి విసుగు పుట్టేది. ఆ మాట ఇలా ఉంటుందని తెలీదు. తలుపులో దుర్గాప్రసాద్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు తీశాడో అతనికీ తెలిసినట్టు లేదు.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు బుధుతో, చాలా నెమ్మదిగా.

"గవర్నమెంటు బండిని తోసింది కూడా గవర్నమెంటు మనుషులేనని గోపి చెప్పాడు బాబూ. ఎవరికి చెప్పాలో మాకు తెలీలేదు."

*

గోపి షెడ్డు చివర పడుకుని ఉన్నాడు. కాలికి వెదురుబద్దలు కట్టారు. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్పై లోపు వాడు. ఉమామహేశ్వరి తనెవరో చెప్పగానే లేవబోయాడు.

"నాను దొంగని కాను మేడం."

"తెలుసు. పడుకో. జరిగింది చెప్పు."

"ఘాట్ ఎక్కుతుంటే ఫోనొచ్చింది. ముందర మలుపు కాడ ఎర్ర లారీ ఉంటాది, మిషన్లు దాన్లోకి మార్చీసి ఖాళీ బండి తోలుకుపో అన్నారు. ఏటి సారూ, ఇవి కొండ మీదోళ్ళవి గదా అన్నాను. ఆళ్ళకెందుకురా, ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బున్నోళ్ళు ఎదురు సూత్తన్నారు అన్నారు. సరే సారూ అన్నాను."

"అన్నాక?"

"మలుపు రాకముందే ఈ ఊరి బాట కాడ బండి ఆపీసినాను. మా అయ్య పోయిన నెల్లో ఆసుపత్రి మెట్ల మీదే పోనాడు మేడం. గొట్టం దొరకలేదు. ఈ గుంట" అని మాధవి వైపు చూశాడు, "కిందికొచ్చి సూసి ఊరిని కేకేసింది. బేగి దింపీసినారు. అన్నీ పైకెళ్ళినాక అరకు ఎల్లి పెద్దాసుపత్రిలో చెప్పీద్దారని బయల్దేరినాను. మలుపులో లారీ అడ్డెట్టినారు. తలుపు తీసి సూసినారు. ఏవిరా అన్నారు. ఇవ్వాల్సినోళ్ళకి ఇచ్చీసినానన్నాను. సీటులో కూకోబెట్టి ఎనకనుంచి తోసీసినారు."

"ఫోన్ చేసింది ఎవరు?"

గోపి బయట నిలబడ్డ పోలీసాయన్ని చూసి గొంతు తగ్గించాడు. "మిషన్లు ఎక్కించినప్పుడు దగ్గరుండి దండేసి కొబ్బరికాయ కొట్టినారు గదా మేడం. ఆరే. ప్రేమ్‌కుమార్ సారు."

ఈ కేసుకి ఉమామహేశ్వరిని ఎంచి పంపింది అతనే. ఎందుకు పంపాడో ఇప్పుడు అర్థమైంది. కొండ మీద మిషన్లు ఎక్కడున్నాయో అతనికి తెలీదు. వెతికి పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి తనే.

ఆమె లేచి గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. "సీఐ గారూ, ఈ షెడ్డు సంగతి కింద ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మా ఆఫీసులో."

దుర్గాప్రసాద్ జేబులోని ఫోన్ మీద చెయ్యి వేశాడు.

"చెప్పండి" అంది ఆమె.

"ఇందాక గట్టు మీద సిగ్నల్ దొరికింది." అతను ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "మీ మీద తనకి నమ్మకం లేదన్నారు మేడం. ఆచూకీ దొరగ్గానే మీకంటే ముందు తనకి చెప్పమన్నారు. చెప్పేశాను. ఆయన నిన్నటి నుంచీ అనంతగిరి గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నారు, ఇప్పుడు కింద రోడ్డు దాకా వచ్చేశారట."

"ఎవరు?"

అడగాల్సిన అవసరం లేదు. అయినా అడిగింది.

"ప్రేమ్‌కుమార్ గారు."

గోపి మాటలు అతను వినలేదు. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. దుర్గాప్రసాద్ కళ్ళు గోటికి అంటిన ఎర్రరంగు మీద ఆగాయి. టోపీ తలకి పెట్టుకున్నాడు.

"మిషన్లలో ఎన్ని ఆపి దాచగలం?" అని మాధవిని అడిగింది ఉమామహేశ్వరి.

"ఒక్కటి కూడా ఆపలేం మేడం."

"మనుషుల్ని మార్చగలమా?"

"రత్నాలుని కదిపితే పోతుంది."

బయట సోములమ్మ కాలవలోంచి చేతులు తీయకుండానే కొండ అంచు వైపు చూసింది. పక్షులు ఒక్కసారిగా లేచాయి.

"వస్తున్నారు" అంది. "శానామంది."

దుర్గాప్రసాద్ బెల్టు సర్దుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. "నా మూలాన వచ్చారు. నన్ను దాటే రావాలి" అన్నాడు. అతని దగ్గర లాఠీ కూడా లేదు. బుధు లేచి అతని పక్కకి నడిచాడు. కాలవ దగ్గర ఎవరూ లేవలేదు. లేస్తే ఆకులు అడ్డం పడతాయి. వంచిన తలలతో అలాగే తీస్తూ ఉన్నారు.

గట్టు మీదికి ముందుగా ఒక తెల్లచొక్కా వచ్చింది. మెడలో ఆరోగ్యశాఖ గుర్తింపు కార్డు. ఆయాసంతో మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ప్రేమ్‌కుమార్ షెడ్డు వైపు, తీగ వైపు, నీళ్ళ గొట్టం వైపు తీరిగ్గా చూశాడు. వెనక వస్తున్న మనుషుల్లో ఒకడు అప్పటికే కాలవ మొదలు ఎక్కడుందో చేత్తో చూపిస్తున్నాడు.

"శభాష్ ఉమామహేశ్వరి గారూ" అన్నాడు ప్రేమ్‌కుమార్ నవ్వుతూ. "మీరే కనిపెట్టగలరని నాకు తెలుసు."